వేగం పెరిగితే స్టీరింగ్ ఎందుకు వణుకుతుంది?

గత వేసవిలో ఒక పెద్దాయన కుటుంబంతో నెల్లూరు నుండి విజయవాడకు పెళ్లికి వెళుతూ, ఒంగోలు దగ్గర హైవే పక్కనున్న మా టైర్ల షాపు ముందు కారు ఆపారు. "భాయ్, ఎనభై దాటితే చాలు, స్టీరింగ్ చేతుల్లో వణుకుతోంది. నెల రోజులుగా ఇదే తంతు. ఒకచోట అలైన్‌మెంట్ చేయించాను. ఇంకోచోట స్టీరింగ్ కింద ఏవో సామాన్లు మార్చారు. పదివేలు దాటింది. వణుకు మాత్రం పోలేదు" అన్నారు.

మేము ముందు చక్రాలు రెండూ విప్పి చూశాం. ఎడమ టైరు లోపలి వైపు గోడ మీద సగం నిమ్మకాయంత ఉబ్బు ఉంది. కారు పక్కన నిలబడి చూస్తే అది కనబడదు. ఏ గుంతలోనో గట్టిగా పడినప్పుడు టైరు లోపలి దారాలు తెగి, అక్కడ గాలి రబ్బరును బయటకు నెట్టింది. అలాంటి టైరు ఎప్పుడైనా పేలవచ్చు. ఆ కారులో చంటిబిడ్డతో కలిపి ఆరుగురు ఉన్నారు.

ఇలాంటి బండ్లు మా దగ్గరకు తరచుగా వస్తుంటాయి. చాలాసార్లు కారణం చిన్నదే. కాని దాన్ని వరుస తప్పి వెతకడం వల్ల డబ్బు పోతుంది, ప్రమాదం అలాగే మిగిలిపోతుంది. అందుకే సామాన్లు మార్చడానికి ముందు ఏమి గమనించాలో మాకు తెలిసినంతలో ఇక్కడ చెబుతున్నాం.

మొదట మూడు ప్రశ్నలు

ఏ కారు వచ్చినా మేము ముందు మూడు సంగతులు అడుగుతాం. వణుకు ఏ వేగంలో మొదలవుతోంది? బ్రేకు వేసినప్పుడు వస్తోందా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తోందా, ఎప్పుడూ ఉంటోందా? చేతుల్లో తెలుస్తోందా, సీటులో తెలుస్తోందా?

80 నుండి 110 కిలోమీటర్ల మధ్య వచ్చి, బ్రేకుతో సంబంధం లేకుండా చేతుల్లో తెలిసే వణుకైతే ముందు చక్రాల బ్యాలెన్సింగ్‌ను మొదట అనుమానించాలి. అదే వేగంలో స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు, కింద నేల అదురుతుంటే వెనుక చక్రాల వైపు చూడాలి. బ్రేకు వేసినప్పుడే స్టీరింగ్ వణుకుతూ, పెడల్ కూడా కాలికి కొట్టుకుంటున్నట్టుంటే బ్రేకు డిస్కులో లోపం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చి, కాలు తీయగానే తగ్గితే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు చూడాలి. ఈ జవాబులు స్పష్టంగా చెబితే మెకానిక్ పని సగం అయినట్టే.

కొద్ది గ్రాములకే ఇంత వణుకా?

చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోతే, బరువైన వైపు తిరిగిన ప్రతిసారీ చక్రాన్ని బయటకు లాగుతుంది. వేగం రెట్టింపయితే ఆ లాగుడు నాలుగు రెట్లవుతుంది. మామూలు చిన్న కారు చక్రం 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 15 సార్లు తిరుగుతుంది. 14 అంగుళాల రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉంటే, ఆ వేగంలో సుమారు 5 కిలోల బలంతో సెకనుకు 15 సార్లు లాగినట్టు. 50 కిలోమీటర్ల వేగంలో అదే తేడా కిలోం పావు బలమే. అందుకే ఊళ్లో తిరిగేటప్పుడు ఏమీ తెలియదు, హైవే ఎక్కగానే తెలుస్తుంది.

ఈ తేడా ఎలా వస్తుంది? రిమ్ముకు అంటించిన సీసపు ముక్కలాంటి బరువులు ఊడిపోవచ్చు. పంచరు వేశాక మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించకపోవచ్చు. వానాకాలంలో రిమ్ము లోపల బురద పేరుకుని ఎండిపోవచ్చు. ఈ చివరిదానికి ఒక్క పైసా ఖర్చు లేదు, నీళ్లతో లోపలి వైపు బాగా కడిగితే చాలు.

అలైన్‌మెంట్ వేరు, బ్యాలెన్సింగ్ వేరు

ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతోంది. అలైన్‌మెంట్ అంటే చక్రాలు నిలబడే కోణాలు సరిచేయడం. అది తప్పితే కారు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరిగిపోతుంది. బ్యాలెన్సింగ్ అంటే ఒక్కో చక్రాన్ని మెషీన్ మీద తిప్పి, బరువు తక్కువైన చోట బరువు పెట్టడం. వేగంలో వచ్చే వణుకు అలైన్‌మెంట్‌తో సాధారణంగా పోదు. అలైన్‌మెంట్ చాలాకాలం తప్పి టైరు వంకరగా అరిగిపోతే మాత్రం, ఆ అరుగుడు వల్ల వణుకు రావచ్చు.

బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు దగ్గర నిలబడండి. బరువులు పెట్టాక చక్రాన్ని మెషీన్ మీద మరోసారి తిప్పమనండి. లోపలి వైపు, బయటి వైపు రెండు చోట్లా సున్నా చూపించాలి. చక్రం తిరిగేటప్పుడు రిమ్ము అంచు అటూ ఇటూ ఊగుతోందేమో కూడా చూడండి. వంగిన రిమ్ముకు ఎన్ని బరువులు పెట్టినా వణుకు పూర్తిగా పోదు.

ఏ వరుసలో చూడాలి?

ఖర్చు లేనివి ముందు, ఖర్చయ్యేవి తరువాత. మొదట వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి. ఈమధ్యనే చక్రం విప్పి బిగించి ఉంటే ఇది మరీ ముఖ్యం. నట్లు వరుసగా కాక ఎదురెదురుగా బిగించాలి. చక్రం విప్పి బిగించాక యాభై, వంద కిలోమీటర్లు తిరిగి మరోసారి చూసుకోవాలి.

తరువాత టైర్లు. బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఉబ్బు, కోత ఉన్నాయేమో లోపలి వైపు కూడా చేత్తో తడిమి చూడండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు మార్చవలసిందే. టైరు గోడ మీద నాలుగు అంకెలు దాని వయసు చెబుతాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. నెలల తరబడి ఒకేచోట నిలిపిన కారు టైర్లకు నేల తాకిన చోట చదును ఏర్పడి, కదిలిన కొత్తలో వణుకు రావచ్చు. కొంతదూరం నడిచాక తగ్గకపోతే టైరు చూపించాలి.

ఏ చక్రంలో లోపముందో తెలియకపోతే, ముందు చక్రాలను అదే పక్కన వెనుకకు మార్చి చూడండి. వణుకు చేతుల్లో నుండి సీటులోకి మారితే లోపం ఆ చక్రాలలోనే ఉన్నట్టు. ఇక స్టీరింగ్ సామాన్ల జోలికి వెళ్లనవసరం లేదు.

వణుకు మారకపోతే అప్పుడు కారును జాకీ మీద ఎత్తించి, చక్రాన్ని చేతులతో పట్టుకుని కదిలించి చూడాలి. ఎడమ, కుడి వైపుల పట్టుకుని ఊపితే ఆట ఉందా, టై రాడ్ ఎండ్ అరిగి ఉండవచ్చు. పైన, కింద పట్టుకుని ఊపితే ఆట ఉందా, వీల్ బేరింగో బాల్ జాయింటో. ఆ ఆట కంటికి చూపించిన తరువాతే సామాను మార్చమనండి.

ఆగకూడని సందర్భాలు

కొన్నిటికి రేపు చూద్దాం అనే మాట పనికిరాదు. వణుకు అకస్మాత్తుగా మొదలైనా, కిలోమీటరు కిలోమీటరుకూ పెరుగుతున్నా, తక్కువ వేగంలోనూ స్టీరింగ్ ఊగుతున్నా, చక్రం దగ్గర టకటక శబ్దం వస్తున్నా వేగం మెల్లగా తగ్గించి, రోడ్డు పక్కకు తీసి ఆపండి. నట్లు, టైర్లు చూడకుండా మళ్లీ కదలకండి.

ఆ పెద్దాయన కారులో స్టెప్నీ అదే సైజు, ఎప్పుడూ వాడనిది. తేదీ చూసి, బ్యాలెన్స్ చేసి, ఉబ్బిన టైరు స్థానంలో బిగించాం. ఆయనకైన ఖర్చు రెండు చక్రాల బ్యాలెన్సింగ్ కూలి మాత్రమే. సాయంత్రం విజయవాడ చేరాక ఫోన్ చేసి, వందలో కూడా స్టీరింగ్ కదలలేదని చెప్పారు. ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు స్టెప్నీకి కొత్త టైరు వేయించుకున్నారు.

చివరిగా ఒక మాట. స్టీరింగ్ వణుకు పట్టుకున్న చేతులకే తెలుస్తుంది, వెనుక సీటులో కూర్చున్న మనకు తెలియదు. ఆ కారును నెల రోజులుగా ఎక్కువగా నడిపింది పెద్దాయన డ్రైవరే. మొదటి రోజే చెప్పాడట. "పాత బండి, అలాగే ఉంటుందిలే" అని ఇంట్లో వాళ్లు తీసేశారట. మీ డ్రైవరు గాని, కారు నడిపే మీ అబ్బాయి గాని వణుకుతోందంటే తోసిపుచ్చకండి. ఆ రోజే చక్రాలు విప్పించి, లోపలి వైపు చూడండి.