ఆలకించే కాపరిని ఎవరు ఆలకిస్తారు?
మనోవిశ్లేషకుల శిక్షణ నుండి ఒక పాఠం

మనోవిశ్లేషణ అనగానే మనలో అనేకులకు ఫ్రాయిడ్ నాస్తికత్వమే జ్ఞాపకం వస్తుంది. మతం ఒక భ్రమ అని వాదిస్తూ 1927లో ఆయన గ్రంథం రాసిన మాట వాస్తవమే. అయితే 1909 మొదలుకొని ఆయనతో ఉత్తరప్రత్యుత్తరాలు సాగించిన ఆస్కర్ ఫిస్టర్ జ్యూరిక్ పట్టణంలో ఒక సంఘకాపరి. 1928లో ఫిస్టర్ ఆ గ్రంథానికి బహిరంగంగానే జవాబు రాశాడు; వారి స్నేహం మాత్రం తెగిపోలేదు. కనుక ఫ్రాయిడ్ సిద్ధాంతాలను అంగీకరించకపోయినా, మనోవిశ్లేషకులు తమ పనికి సిద్ధపడే విధానం నుండి మనం నేర్చుకోదగినది ఉంది.

శిక్షణలోని మూడు అంగాలు

1920లో బెర్లిన్‌లో మాక్స్ ఐటింగాన్, ఆయన సహచరులు ప్రారంభించిన చికిత్సాలయంలో ఈ శిక్షణ ఒక క్రమంలోకి వచ్చింది. మొదటిది, అభ్యర్థి తానే మరొక విశ్లేషకుని యొద్ద విశ్లేషణ పొందాలి. రెండవది, సిద్ధాంత అధ్యయనం. మూడవది, తాను చూస్తున్న వ్యక్తుల విషయమై అనుభవజ్ఞుని పర్యవేక్షణ. వివరాలపై చర్చ నేటికీ ఆగలేదు. అభ్యర్థి విశ్లేషణ వారానికి నాలుగైదు సార్లు జరగాలన్న నియమాన్ని అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘం 2017లో సడలించి, మూడు నుండి ఐదు సార్లకు అనుమతించింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఫోను, కంప్యూటరు ద్వారా విశ్లేషణ విస్తరించి, ముఖాముఖి సాన్నిధ్యం ఎంత అవసరమన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది. అయినా ఆ మూడు అంగాలు నిలిచే ఉన్నాయి.

మొదటి అంగం ఎందుకు?

సహాయం కోరి వచ్చిన వ్యక్తి తన తండ్రిపై, తల్లిపై ఉన్న ప్రేమను, కోపాన్ని తెలియకుండానే ఆలకించేవాని మీదికి మళ్లిస్తాడు. దీనిని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. ఆలకించేవానిలోనూ అటువంటి స్పందనే లేస్తుంది; అది కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్. తన లోపలి అడ్డంకులను దాటి ఏ విశ్లేషకుడూ ఇతరులను ముందుకు నడిపించలేడని ఫ్రాయిడ్ 1910లోనే హెచ్చరించాడు.

మా నాన్నగారు మరణించిన సంవత్సరంలో, తండ్రితో మాటలు మానేసిన ఒక యువకుడు నా యొద్దకు వచ్చాడు. అతడు చెప్పేది పూర్తి కాకముందే, "వెంటనే వెళ్లి క్షమాపణ అడుగు" అన్నాను. అతడు మరల రాలేదు. ఆ మాట అతని అవసరం నుండి కాక నా దుఃఖం నుండి వచ్చిందని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. అప్పుడు నన్ను ప్రశ్నించే పర్యవేక్షకుడు ఎవరూ లేరు.

మన పరిచర్యకు

కాపరి మనోవిశ్లేషకుడు కాడు, కానక్కరలేదు. తీవ్ర మానసిక వ్యాధి, ఆత్మహత్య తలంపులు కనిపిస్తే వైద్యుని యొద్దకు పంపడమే ప్రేమ. అయితే నెలకొకసారి ఇద్దరు ముగ్గురు కాపరులు కూడుకొని, పేర్లు, ఆనవాళ్లు దాచి, "ఆ సంభాషణలో నాలో ఏమి కదిలింది?" అని ఒకరినొకరు అడుగుకోవచ్చు. సెమినరీలు కౌన్సిలింగ్ పాఠానికి పరీక్షతో పాటు పర్యవేక్షణను జతచేయవచ్చు.

ఎఫెసు పెద్దలతో మాట్లాడుతూ పౌలు (అపొ. కా. 20:28) మందకంటె ముందు వారి విషయమే వారిని జాగ్రత్తపడమన్నాడు. ఆ వరుసను మనం తారుమారు చేయకూడదు.