ప్రజలను కాపాడే బాధ్యత ఎవరిది?

ఒక ప్రభుత్వం తన ప్రజలనే చంపుతుంటే, లేదా చంపేవాళ్ళను చూస్తూ ఊరుకుంటే, బయటి దేశాలు సైన్యంతో వెళ్ళవచ్చా? గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే మిత్రులు 'ఆర్ టు పి', అంటే 'రక్షించే బాధ్యత' అనే మాటను ఒక బిట్‌గా చదివే ఉంటారు. ఆ మాట ఎందుకు పుట్టిందో గైడ్లలో ఉండదు. పి.జి.లో రాజనీతిశాస్త్రం చదువుతూ మేము తెలుసుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాం.

1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ ప్రకారం ఏ దేశమూ ఇంకో దేశం మీద బలప్రయోగం చేయరాదు. మినహాయింపులు రెండే: ఆత్మరక్షణ, భద్రతామండలి అనుమతి. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలకు ఈ నియమం పెద్ద అండ. మమ్మల్ని ఉద్ధరించడానికే వచ్చామని తెల్లవాళ్ళు కూడా చెప్పుకున్నారు కదా!

మన దేశానికే ఈ చిక్కు ఒకసారి వచ్చింది. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో మారణకాండకు భయపడి సుమారు కోటి మంది మన దేశానికి తరలివచ్చారు. డిసెంబర్ 3న పాకిస్తాన్ మన వైమానిక స్థావరాలపై దాడి చేయడంతో యుద్ధం మొదలైంది. డిసెంబర్ 7న సమితి సర్వసభ్య సభలో 104 దేశాలు యుద్ధం ఆపమని ఓటు వేశాయి, వ్యతిరేకించినవి 11 మాత్రమే. భద్రతామండలిలో సోవియట్ యూనియన్ వీటో మనను కాచింది. బంగ్లాదేశ్ ప్రజలకు మేలు జరిగిన మాట నిజం. అయితే ఆ శరణార్థుల భారం మన మీద పడకపోతే మన సైన్యం కదిలేదా అని అడిగితే, కదిలేదని గట్టిగా చెప్పలేం.

రువాండా విషయంలో ఏ పెద్ద దేశానికీ అలాంటి అవసరం లేకపోయింది. ఆఫ్రికాలోని ఆ చిన్న దేశంలో 1994 ఏప్రిల్ నుండి సుమారు 100 రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపారు. ఎక్కువమంది టుట్సీలు. ఆ హత్యలకు ఒప్పుకోని హుటూలనూ వదల్లేదు. నిజానికి అప్పటికే అక్కడ సమితి శాంతిదళం సుమారు 2,500 మందితో ఉంది. ఆయుధాలు రహస్యంగా దాస్తున్నారని దళాధిపతి రోమియో డల్లేర్ జనవరి 11నే న్యూయార్క్‌కు తెలియజేశారు. సోదాలు చేయవద్దని జవాబు వచ్చింది. ఏప్రిల్ 7న పదిమంది బెల్జియం సైనికులు హత్యకు గురికాగానే బెల్జియం తన సైన్యాన్ని వెనక్కు పిలిపించుకుంది. రాజధాని కిగాలీలోని ఒక టెక్నికల్ స్కూలులో ఆ సైనికులను నమ్ముకొని సుమారు 2,000 మంది తలదాచుకుంటున్నారు. ఏప్రిల్ 11న సైనికులు వాహనాలెక్కి వెళ్ళిపోయారు. కాచుకొని ఉన్న హంతక ముఠాలు ఆ రోజే వారిలో చాలామందిని చంపివేశాయి. ఏప్రిల్ 21న భద్రతామండలి చేసిన తీర్మానం ఏమిటంటే, శాంతిదళాన్ని 270 మందికి తగ్గించాలని!

పోలీసు పికెట్ ఉన్న ఊళ్ళోనే దాడి జరగడం అంటే ఏమిటో మన హాస్టల్ పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒకటి గమనించాలి. రువాండాలో అడ్డుపడింది చట్టం కాదు. సైన్యం అక్కడే ఉంది, లేనిది కాపాడాలన్న మనసు. మరుసటి ఏడాది బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో, సమితే 'సురక్షిత ప్రాంతం' అని ప్రకటించిన చోట, 8 వేల మంది వరకు పురుషులను, మగపిల్లలను చంపారు. 1999లో కొసావో కోసం నాటో భద్రతామండలి అనుమతి లేకుండానే 78 రోజులు బాంబులు వేసింది. అంటే ఒకచోట అనుమతి ఉండీ కదలలేదు, ఇంకొకచోట అనుమతి లేకుండానే కదిలారు.

ఈ గందరగోళం తేల్చడానికి కెనడా ఒక కమిషన్ వేసింది. గారెత్ ఇవాన్స్, మొహమ్మద్ సహ్నూన్ దానికి సహాధ్యక్షులు. మన దేశంలో పుట్టిన రమేశ్ ఠాకూర్ ఒక సభ్యుడు. 2001లో వచ్చిన వారి నివేదిక ప్రశ్ననే మార్చింది. జోక్యం చేసుకునే హక్కు ఎవరికి ఉందని కాదు, ప్రజలను కాపాడే బాధ్యత ఎవరిదని అడిగింది. మొదటి బాధ్యత సొంత ప్రభుత్వానిది. అది విఫలమైతే మిగతా ప్రపంచానిది. సైన్యం అన్నిటికన్నా చివరి మార్గం. 2005 ప్రపంచ శిఖరాగ్ర సభలో దేశాలన్నీ దీన్ని ఒప్పుకున్నాయి, అదీ జాతినిర్మూలన, యుద్ధనేరాలు, జాతి ప్రక్షాళన, మానవత్వంపై నేరాలు అనే నాలుగింటికే. సైన్యాన్ని పంపే నిర్ణయం మాత్రం మళ్ళీ భద్రతామండలి చేతిలోనే పెట్టారు.

2011 మార్చి 17న లిబియా పౌరుల రక్షణకు మండలి 1973వ నెంబరు తీర్మానం చేసింది. భారత్, చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిల్ ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. బెంఘాజీ పౌరుల కోసమని మొదలైన నాటో దాడులు గడాఫీ ప్రభుత్వం కూలి, అక్టోబర్‌లో ఆయన చనిపోయేదాకా సాగాయి. ఆ తర్వాత లిబియా సాయుధ ముఠాల పాలైంది. ఈ పేరుతో ప్రభుత్వాలను కూలదోస్తారన్న అనుమానం చాలా దేశాలకు బలపడింది. దాని ఫలితం సిరియా ప్రజలు అనుభవించారు. 2011 అక్టోబర్ 4న మొదటి వీటో పడింది. ప్రభుత్వాన్ని ఖండించే తీర్మానాన్ని కూడా రష్యా, చైనా ఆపేశాయి. గాజా విషయంలో 2023 నుండి కాల్పుల విరమణ తీర్మానాలకు అమెరికా వీటో వేసింది. ఎవరి మిత్రులను వారు కాచుకోవడమే.

మా అభిప్రాయంలో 'రక్షించే బాధ్యత' తప్పుడు ఆలోచన కాదు. సార్వభౌమాధికారం అంటే ప్రజలను ఏమైనా చేసుకునే లైసెన్సు కాదని అది కాగితం మీద రాయించింది. కానీ ఆ బాధ్యత నెరవేర్చకపోతే ఎవరిని నిలదీయాలో రాయలేదు. 2022 ఏప్రిల్‌లో సర్వసభ్య సభ ఒక చిన్న నియమం పెట్టింది: ఎవరు వీటో వేసినా పది పనిదినాల లోపల ఆ విషయం మీద సభలో చర్చ జరగాలి. వీటో వేసిన దేశాన్ని ముందుగా మాట్లాడమని పిలుస్తారు. వీటో మాత్రం చెల్లుతుంది.