బూజుల భాండాగారం

మొన్న మా ఇంట్లో తోడుకు పెరుగు లేకపోయింది. రాత్రి పిల్లి గిన్నె దొర్లించి, దాచి ఉంచిన చెంచాడూ నేలపాలు చేసింది. మా ఆవిడ చిన్న గిన్నె చేతికిచ్చి, "పక్కింటి పిన్నిగారి నడిగి కాస్త తోడు పట్టుకు రండి" అన్నది. ఆవిడ ఎందుకూ ఏమిటీ అని అడగకుండానే ఇచ్చింది. దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదంటారు గాని, పగటిపూట అడిగితే లేదన్న ఇల్లాలు ఉన్నట్టు నేను వినలేదు.

గిన్నెతో తిరిగి వస్తూంటే, ఇలా తోడు ఇవ్వడానికే వెలసిన ఇళ్ళు లోకంలో కొన్ని ఉన్నాయి గదా అనుకున్నాను. అక్కడ దొరికేది పెరుగు కాదు, బూజులూ, ఈస్టులూ. మనుషులకు రోగాలు తెచ్చేవీ, మందులు ఇచ్చేవీ కూడా. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ సంగతి ఎలా తెలిసిందంటారా? మా బావగారి కన్ను పోయి తెలిసింది.

2021 వేసవి ఎవరికీ మరపురాదు. కోవిడ్ తగ్గి ఇంటికి వచ్చిన వారం రోజులకు మా బావగారికి ఎడమ చెంప వాచింది, కన్ను మూతపడింది. ఆయనకు మధుమేహం పాతచుట్టం. కోవిడ్‌కు ఇచ్చిన స్టెరాయిడ్లతో చక్కెర మరీ పెరిగింది. విశాఖలో ఒక ఆస్పత్రిలో చేర్చాము. పత్రికలు "బ్లాక్ ఫంగస్" అని రాస్తున్న జబ్బే అది. ఆంఫోటెరిసిన్ అనే ఇంజక్షన్ కోసం అక్కయ్యా, నేనూ తిరగని మందుల షాపు లేదు. ప్రాణం దక్కింది, కన్ను దక్కలేదు.

కొన్నాళ్ళకు రిపోర్టుల కోసం మళ్ళీ ఆ ఆస్పత్రికి వెళ్ళాను. లాబొరేటరీలో తెల్లకోటు వేసుకున్న అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది. "మాస్టారూ, నన్ను గుర్తుపట్టలేదా? ఇంటర్మీడియట్‌లో మీ తెలుగు క్లాసులో రెండో బెంచీ" అన్నది. ఇప్పుడామె మైక్రోబయాలజీ డాక్టరు. మాటల మధ్యలో, "మీ బావగారి ఫంగస్‌ను మేమింకా ఉంచాం మాస్టారూ. చూస్తారా?" అన్నది.

అద్దాల బీరువాలో, మూత బిగించిన ఒక గాజు గొట్టం. లోపల ఏటవాలుగా గట్టిపడిన పోషకద్రవ్యం మీద బూడిదరంగు దూది వంటి పదార్థం. పేరు రైజోపస్. గొట్టం మీద ఒక నంబరు తప్ప రోగి పేరు లేదు. అది కొద్ది రోజుల్లోనే పాత్రంతా నిండి మూతను అంటేటంత వేగంగా పెరుగుతుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. "మనిషి కన్ను తిన్నదాన్ని కాల్చి పారెయ్యక, మేపుతున్నారా తల్లీ?" అన్నాను.

ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. "మాస్టారూ, తాళపత్రం పోతే పద్యం పోతుందని మీరే గదా చెప్పేవారు? ఇదీ అంతే" అన్నది. "కొత్త మందు వస్తే దేని మీద పరీక్షించాలి? రేపు ఇంకొకరికి ఇలాంటి జబ్బే వస్తే, ఇది అదా కాదా అని దేనితో పోల్చాలి? పుస్తకంలోని బొమ్మతో పోల్చితే చాలదు. బతికి ఉన్న మాతృక కావాలి. దీంట్లో ఒక పాలు చండీగఢ్‌కు కూడా పంపాం."

మాతృక! ఆ మాట వినగానే నా కోపం చల్లారి, కుతూహలం మొదలైంది. తరువాత సెలవుల్లో దొరికిన పుస్తకాలు చదివాను; ఆ అమ్మాయిని ఫోనులో విసిగించాను. తెలిసిన ముచ్చట్లు కొన్ని పాఠకులతో పంచుకుంటాను.

పెన్సిలిన్ పేరు వినని ఇల్లు లేదు. 1928లో లండన్‌లో ఫ్లెమింగ్ దొరగారి గాజు పళ్ళెంలో ఒక బూజు పడి, చుట్టూ ఉన్న బాక్టీరియాను కరిగించింది. ఈ కథ అందరికీ తెలుసు. తరువాతి కథ కొద్దిమందికే తెలుసు. ఫ్లెమింగ్ ఆ బూజు నుంచి మందు తియ్యలేకపోయాడు. కాని అడిగినవారికి దాన్ని పంచి పెట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో డ్రేయర్ అనే ప్రొఫెసరు వేరే పరిశోధన కోసం కాస్త తెచ్చుకున్నాడు. 1934లో ఆయన పోయాడు. అయినా ఆయన సహాయకురాలు ఆ బూజును పారెయ్యకుండా బతికిస్తూ వచ్చింది. నాలుగేళ్ళ తరువాత అదే భవనంలో ఎర్నెస్ట్ చెయిన్‌కు పెన్సిలిన్ మీద మనసు పోయినప్పుడు, తోడు కోసం ఊళ్ళు పట్టుకు తిరగవలసిన పని లేకపోయింది. ఉన్న చోటే దొరికింది. 1940 మే 25న రోగక్రిములెక్కించిన ఎనిమిది ఎలుకలలో మందు ఇచ్చిన నాలుగూ బతికాయి, ఇవ్వని నాలుగూ చచ్చాయి.

అప్పటికి హిట్లరు సైన్యం ఇంగ్లండు గుమ్మంలో ఉంది. శత్రువులు వస్తే ప్రయోగశాలను తగలబెట్టి పారిపోవలసి వస్తుందేమోనని, ఆ శాస్త్రజ్ఞులు తమ కోట్ల లోపలి గుడ్డకు ఆ బూజు రేణువులు పూసుకున్నారు. ఒక్కరు బయటపడినా చాలు, తోడు మిగులుతుందని! తరువాత అమెరికాలో పియోరియా అనే ఊళ్ళో, 1943లో బూజు పట్టిన ఒక కర్బూజా పండు మీద ఇంకా ఎక్కువ పెన్సిలిన్ ఇచ్చే రకం దొరికింది. కర్మాగారాలలో మందు తయారుచేసిన బూజులకు అది మూలపురుషుడు. అదీ అక్కడి భాండాగారంలో నంబరు వేయించుకుని భద్రంగా ఉంది.

మా బావగారిని బతికించిన ఆంఫోటెరిసిన్ కథా ఇటువంటిదే. వెనిజులా దేశంలో ఒరినోకో నది ప్రాంతపు మట్టిలో 1950 దశకంలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిందది.

ఇక దాచిపెట్టిన గొట్టం దొంగను పట్టించిన కథ ఒకటి. 2009లో జపానులో ఒక రోగి చెవిలో కొత్త ఈస్టు కనిపించింది. లాటిన్‌లో చెవిని "ఆరిస్" అంటారు గనుక దానికి కాండిడా ఆరిస్ అని పేరు పెట్టారు. కొన్నేళ్ళలోనే అది దేశదేశాల ఆస్పత్రులలో ప్రాణాలు తీసింది. ముఖ్యమైన మందులకు లొంగలేదు. ఇది ఎప్పటినుంచి ఉంది? దక్షిణ కొరియాలో పాత గొట్టాలు తీసి మళ్ళీ పరీక్షిస్తే, 1996లో ఒక పసిపాప రక్తంలో దొరికి, ఎవరూ గుర్తుపట్టని ఈస్టు ఇదేనని 2011లో తేలింది. పదిహేనేళ్ళ నాటి గొట్టం సాక్షి చెప్పింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా ప్రకటించి, అన్నిటికన్న పై వరుసలో పెట్టిన నాలుగింటిలో ఇదొకటి.

అయితే వీటిని బతికించడం మాటలు కాదు. కొన్ని నెలలకొకసారి కొత్త గొట్టంలోకి మార్చాలి. ప్రతి మార్పిడీ ఒక లేఖకుడు రాసిన ప్రతి వంటిది, తప్పులు దొర్లుతాయి. తామర కలిగించే బూజులు ఇలా మార్చగా మార్చగా రేణువులు పుట్టించడం మాని, ఒట్టి తెల్లదూదిలా అయిపోతాయట. పైగా కంటికి ఆనని నల్లులవంటి పురుగులు గొట్టం నుంచి గొట్టానికి పాకి, ఒకదాని రేణువులు ఇంకొకదానిలో కలిపేస్తాయి. మన తాళపత్రాలకు చెదపురుగులు ఎలాగో, వాటికి ఇవి అలాగ.

అందుకని నిద్రపుచ్చే ఉపాయాలు కనిపెట్టారు. 1939లో కాస్టెల్లానీ అనే వైద్యుడు శుద్ధిచేసిన నీళ్ళలో బూజు ముక్క వేసి మూత పెడితే చాలునన్నాడు. ఖర్చు లేని ఆ పద్ధతిలో బూజులు ఏళ్ళ తరబడి ఉంటాయి. ఇంకొకటి, గడ్డకట్టించి, గాలి లేకుండా చేసి, తడి అంతా లాగివేసి ఎండబెట్టడం. అప్పుడు అవి చచ్చిపోకుండా వెన్న తీసిన పాలలో కలుపుతారట. చూశారా, ఇక్కడా పాలే! అన్నిటికన్న మేలైనది సున్నకు దిగువన 196 డిగ్రీల చలిలో, ద్రవ నత్రజనిలో ఉంచడం. ఆ చలిలో కాలమే ఆగిపోయినట్టు లెక్క.

హాలెండులో 1904లో ఇటువంటి భాండాగారం ఒకటి మొదలైంది. 1907లో యొహానా వెస్టర్‌డైక్ అనే యువతి దాన్ని చేపట్టి, జీవితమంతా ధారపోసింది. 1917లో ఆ దేశంలో ప్రొఫెసరైన మొదటి మహిళ ఆమే. ఉట్రెక్ట్ నగరంలోని ఆ సంస్థకు 2017లో ఆమె పేరే పెట్టారు. అక్కడ లక్షకు పైగా రకాలున్నాయి. మన దేశంలో పుణేలోనూ, చండీగఢ్‌లోనూ సూక్ష్మజీవుల భాండాగారాలున్నాయి. మనుషులకు రోగం తెచ్చే ఫంగస్‌ల కోసం చండీగఢ్ పీజీఐ ఆస్పత్రిలో ప్రత్యేకంగా జాతీయ భాండాగారమే ఉంది. అర్హత గల ప్రయోగశాల కోరితే, అనుమతులు చూసి, మూడు పొరల పెట్టెలో బిగించి తోడు పంపుతారు. ఒక చోట పాడైనది ఇంకొక చోటి నుంచి తిరిగి వస్తుంది.

కాని ఒక దిగులు మిగిలే ఉంది. అన్ని గొట్టాలూ అక్కడికి చేరవు. ఒక శాస్త్రజ్ఞుడు ముప్పై ఏళ్ళు కూడబెట్టినవి, ఆయన రిటైరు కాగానే అడిగే దిక్కు లేక చెత్తలోకి పోవడం ఉన్నదేనట. ఇది వినగానే మా నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది. తాతగారు పోయాక, ఇంట్లో చదివేవారు లేరని, ఆవిడ తాళపత్రాల కట్టలన్నీ పసుపుకుంకాలతో పూజించి గోదావరిలో కలిపేసింది. అపచారం జరగకూడదని భక్తితో చేసిన పనే. వాటిలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. ఒక్క ప్రతి రాసి ఎవరికైనా ఇచ్చి ఉంటే! బ్రౌన్ దొర ఊరూరా తాళపత్రాలు వెతికించి, పండితులకు జీతాలిచ్చి ప్రతులు రాయించింది ఇందుకే గదా. దాచినదానికి దాపు, పది చోట్ల పంచి పెట్టడమే.

కిందటి సంక్రాంతికి అక్కయ్య ఇంటికి వెళ్ళి, సంకోచిస్తూనే బావగారితో ఈ సంగతి చెప్పాను. ఆయన నల్లకళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఏమోయ్ బావా, నా దగ్గర అద్దె ఇవ్వకుండా కాపురం చేసిపోయి, చండీగఢ్‌లో సర్కారు క్వార్టర్స్ సంపాదించిందన్న మాట!" అన్నారు. అక్కయ్య నవ్వలేదు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి బావగారే మళ్ళీ అడిగారు. "దాని మీద కొత్త మందులేవైనా వేసి చూస్తున్నారా?"

"ఎవరైనా అడిగితే ఇస్తారట" అన్నాను.

"అయితే ఇమ్మను" అన్నారాయన. "పట్టపగలే గదా అడుగుతారు!"