మీకు తెలుసా? గొంతు పెంచని ఆ విలన్ గోల్కొండవాడే!

సూటూ బూటూ వేసుకుని, కుర్చీలోంచి కదలకుండా, ఒక్కో మాటా నింపాదిగా పలికి ప్రేక్షకుల గుండెల్లో గుబులు పుట్టించిన హిందీ నటుడు అజిత్. ఆయన అచ్చమైన హైదరాబాదీ!

● అసలు పేరు హమీద్ అలీ ఖాన్. 1922 జనవరి 27న గోల్కొండలో పుట్టారు. తండ్రి నిజాం సైన్యంలో పనిచేసేవారు. హమీద్ చదువు కొంతకాలం హనుమకొండలో సాగింది. సినిమా పిచ్చితో కాలేజీ పుస్తకాలు అమ్మేసి, ఆ డబ్బుతో బొంబాయి చేరారని చెబుతారు.

● ఆయన మొదట హీరో! 1946లో వచ్చిన 'షాహె మిస్ర్' తొలినాళ్ల చిత్రం. పేరు మార్చుకోమని దర్శకుడు కె.అమర్‌నాథ్ సలహా ఇవ్వడంతో 'అజిత్' అయ్యారు. 'బేకసూర్' (1950)లో మధుబాల సరసన నటించారు. 'నాస్తిక్' (1954) హీరోగా ఆయనకు పెద్ద విజయం.

● 'నయా దౌర్' (1957)లో దిలీప్ కుమార్‌కు ప్రాణమిత్రుడై, ఆపైన పంతం పట్టే కృష్ణ ఆయనే. 'మొఘల్-ఎ-ఆజమ్' (1960)లో యువరాజు సలీం కోసం ప్రాణమిచ్చే దుర్జన్ సింగూ ఆయనే.

● ఆయన్ను విలన్ పాత్రల వైపు మలుపు తిప్పిన 'సూరజ్' (1966) దర్శకుడు మన తెలుగువారే... తాతినేని ప్రకాశరావు! హీరో వేషాలు తగ్గిపోయిన దశలో వచ్చిన ఆ పాత్ర అజిత్‌కు రెండో జీవితాన్నిచ్చింది.

● 1973లో రెండు సంచలనాలు: 'జంజీర్'లో తేజా, 'యాదోం కీ బారాత్'లో షాకాల్. రెండు కథలూ రచయితల జంట సలీం-జావేద్‌లవే. ఆ రెండూ తెలుగులో ఎన్టీఆర్ హీరోగా 'నిప్పులాంటి మనిషి' (1974), 'అన్నదమ్ముల అనుబంధం' (1975) అయ్యాయి. 1976లో 'కాళీచరణ్'లో 'లయన్' పాత్రతో ఆయన పేరు ఇంకా మోగిపోయింది.

● ఆరోగ్యం దెబ్బతినడంతో 1980ల్లో సినిమాలు మాని హైదరాబాద్ వచ్చేశారు. 1992లో 'జిగర్', 'పోలీస్ ఆఫీసర్' చిత్రాలతో మళ్లీ తెరమీదికొచ్చారు. 1998 అక్టోబరు 22న ఇక్కడే కన్నుమూశారు.

● కొడుకు షెహజాద్ ఖాన్ కూడా నటుడే. 'అందాజ్ అప్నా అప్నా' (1994)లో భల్లాగా తండ్రి మాటతీరునే అనుకరించి నవ్వించారు.

● అజిత్ జోకులుగా ఊరూరా తిరిగిన డైలాగుల్లో చాలావాటిని ఆయన ఏ సినిమాలోనూ పలకలేదు! ఆ నింపాది గొంతు జనానికి ఎంతగా నచ్చిందంటే, ఆయన కోసం డైలాగులు వాళ్లే రాసుకున్నారు. ఒక నటుడికి ఇంతకన్నా గొప్ప బిరుదు ఏముంటుంది?