పుట్టికి చిల్లు పడితే

గద్వాల దగ్గర కృష్ణ మధ్యలో ఉన్న లంక ఊరు గుర్రంగడ్డ. ఏరు దాటడానికి అక్కడివాళ్లు ఏళ్ల తరబడి పుట్టినే, అంటే గుండ్రటి బుట్ట పడవనే, నమ్ముకున్నారు. కింద నాగార్జునసాగర్‌లో వల వేసేవాళ్లకూ అదే ఆధారం. తెరచాప లేదు, చుక్కాని లేదు. వెదురు బద్దల అల్లిక, ఒక తెడ్డు, అంతే. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, ఎద్దు తోలు కప్పిన ఇలాంటి బుట్టల్లోనే సామాను నది దాటించేవారని రాశాడు. ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ సంచులు, వాటి మీద డాంబరు పూత వచ్చాయి.

పుట్టి ఎంత మోస్తుందో సులువుగా లెక్క కట్టొచ్చు. నీటిమట్టం దగ్గర రెండు మీటర్ల వెడల్పున్న పుట్టి ఒక సెంటీమీటరు దిగితే సుమారు 31 లీటర్ల నీటిని తోసేస్తుంది, అంటే 31 కిలోలు మోస్తుంది. 60 కిలోల మనిషి ఎక్కితే రెండు సెంటీమీటర్లు దిగుతుందన్నమాట.

ఇక చిల్లు సంగతి. నీటి కింద 20 సెంటీమీటర్ల లోతున, సెంటీమీటరు వెడల్పు చిల్లు ఉంటే నిమిషానికి ఐదు లీటర్లకు పైగా నీరొస్తుంది. పది నిమిషాల్లో, కిరాయి కట్టని ప్రయాణికుడొకడు ఎక్కి కూర్చున్నట్టే. కూర్చుంటే నయమే! పుట్టి ఎటు ఒరిగితే నీరూ అటే పరుగెత్తి, ఇంకా ఒరగదీస్తుంది. చిల్లు వెడల్పు సగమైతే మాత్రం వచ్చే నీరు నాలుగో వంతే. అందుకే చిన్నగా ఉన్నప్పుడే మూసెయ్యాలి.

పాలమూరు ఎండకు డాంబరు మెత్తబడి జారుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పెళుసెక్కి పగుళ్లిస్తుంది. అందుకే గట్టున పుట్టిని నీడలో బోర్లించాలి. అతుకు వేసేముందు ఆ చోటు పూర్తిగా ఆరాలి. తడి మీద డాంబరు పట్టదు. గుడ్డముక్కను వేడి డాంబరుతో బయటివైపే అతికించాలి. అప్పుడు నీటి ఒత్తిడే అతుకును లోపలికి అదిమి పట్టుకుంటుంది. లోపలి నుంచి వేస్తే అదే ఒత్తిడి దాన్ని ఊడదీస్తుంది. వెదురుకు పురుగు పట్టేది అందులోని పిండిపదార్థం కోసం. కొట్టిన వెదురును కొన్ని వారాలు నీళ్లలో నానబెడితే ఆ పిండి చాలావరకు పోతుంది.

ఈమధ్య ఫైబర్ పుట్టిలు వస్తున్నాయి. కుళ్లవు, పురుగు పట్టదు. కానీ పగిలితే ఊళ్లో దొరికే డాంబరుతో పని కాదు, రెసిన్ కావాలి.

ఎంత మంచి అతుకైనా వరదకు జవాబు కాదు. 2020 ఆగస్టులో మక్తల్ మండలం పంచదేవ్‌పహాడ్ దగ్గర కృష్ణలో పుట్టి బోల్తాపడి నలుగురు గల్లంతయ్యారు. పుట్టి ఎక్కేముందు అడుగు పొడిగా ఉందో లేదో చూడండి. ఏరు పొంగుతుంటే, లైఫ్ జాకెట్ లేకుంటే, ఎక్కనే వద్దు.