భాగింపరాని మహాసంఖ్య

1తోను, తనతోను తప్ప మరే పూర్ణసంఖ్యతోను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య యందురు. 7, 13 వంటివానిని గుర్తించుట బాలురకును సులభమే. కాని 39 అంకెల సంఖ్య యెదురైనచో?

127 రెండ్లను వరుసగా గుణించి, లబ్ధమునుండి 1 తీసివేసిన అట్టి సంఖ్యయే వచ్చును: 170141183460469231731687303715884105727. ఇది ప్రధాన సంఖ్య యని ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్యాసి మెర్సెన్ 1644లో ప్రకటించెను, నిరూపింపలేదు. ఆయన పట్టికలోనిదే, 67 రెండ్లతో నేర్పడు సంఖ్య ప్రధానము కాదని తరువాత తేలినది. కావున ఆయన మాటయే ప్రమాణము కాజాలదు. పోనీ, చిన్న ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించి చూతమన్న, సెకనుకొక భాగహారము చేసినను వందలకోట్ల సంవత్సరములు పట్టును.

1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడ్వర్డ్ లూకా వేరొక దారి తొక్కెను. 3తో ఆరంభించి, వర్గముచేసి 2 తీసివేయుచు పోయిన 3, 7, 47, 2207 అను శ్రేణి వచ్చును. అందలి 126వ పదము ఆ మహాసంఖ్యచే నిశ్శేషముగా భాగింపబడినచో అది ప్రధానమే. ప్రతి మెట్టునను శేషమును మాత్రమే నిలుపుకొన్నచో లెక్క అదుపు తప్పదు. యంత్రసహాయము లేకయే లూకా దానిని సాధించెను.

1951 వరకు అంతకంటె పెద్ద ప్రధాన సంఖ్య యెవరికిని తెలియదు. పిమ్మట యంత్రములు వచ్చినవి. 2024లో కనుగొన్న ప్రధాన సంఖ్యకు 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలు గలవు. దానిని నిర్ధారించిన పరీక్షయు లూకా మార్గమునకు 1930లో లేమర్ దిద్దిన రూపమే.

భాజకములను ఒక్కొక్కటిగా వెదకకయే అవి లేవని నిశ్చయింపవచ్చును. యంత్రమునకు వేగము కలదు. దారి చూపినది మాత్రము మానవుని యోచనయే.