ఎంబీఏ రెజ్యూమే: ఆ ఒక్క పేజీని ఎవరెలా చదువుతారు

ఎంబీఏలో చేరిన కొన్ని నెలలకే ప్లేస్‌మెంట్ సెల్ నుంచి మెసేజ్ వస్తుంది: శుక్రవారంలోగా రెజ్యూమేలు పంపండి. ఆ రాత్రి చాలా హాస్టళ్లలో జరిగేది ఒకటే. సీనియర్ ఫైలు ఒకటి వాట్సాప్‌లో చేతులు మారుతుంది. అందులో పేరు మారుతుంది, మార్కులు మారతాయి. మిగతాదంతా అలాగే ఉంటుంది. పైన, పేరున్న సంస్థలో సవాళ్లున్న ఉద్యోగం చేస్తూ సంస్థతో పాటు ఎదగాలన్న ఆశయం. కింద, పై వివరాలన్నీ నిజమేనన్న ప్రకటన. మధ్యలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లి కాలేదన్న సమాచారం.

అలా రాసే పిల్లలను తప్పుపట్టలేం. వాళ్లు చూసిన నమూనా అదే. మన ఇళ్లలో బయోడేటా అన్న మాట ఎక్కువగా వినబడేది పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు. ఎవరి పిల్ల, ఏ ఊరు, ఎంత ఎత్తు, ఏం చదివింది అన్నవి అక్కడ అవసరమే. ఉద్యోగం ఇచ్చేవాళ్ల ప్రశ్న వేరు. ఈ అమ్మాయి ఇంతవరకు ఏం చేసింది, దాన్నిబట్టి మా దగ్గర ఏం చేయగలదు? ఆ ప్రశ్నకు జవాబు లేని వాక్యం పేజీలో చోటు తినడం తప్ప చేసేదేమీ లేదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ సంగతి మరింత ముఖ్యమైంది. ఇంతకుముందు మంచి ఇంగ్లిష్‌లో రాసిన రెజ్యూమే కాస్త ప్రత్యేకంగా కనబడేది. ఇప్పుడు నున్నటి ఇంగ్లిష్ అందరికీ దొరుకుతోంది. నాయకత్వ లక్షణాలు, ఫలితాలపై దృష్టి, బృందంతో కలిసి పనిచేసే స్వభావం లాంటి మాటలు వంద కాగితాల మీద ఒకేలా ఉంటే, చదివేవాళ్లకు వాటి మీద కన్ను ఆగదు. మీరు ఏ బజారులో, ఎన్ని కొట్లు తిరిగారో మాత్రం మీరు చెప్పకపోతే ఏ యంత్రానికీ తెలియదు. ఇంగ్లిష్ సరిచూసుకోవడానికి యంత్రం సాయం తీసుకోవచ్చు. విషయం మాత్రం మీదే కావాలి.

ఆ పేజీ ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో ఇప్పుడు చూద్దాం.

క్యాంపస్‌లో మొదట చూసేది ప్లేస్‌మెంట్ సెల్. కొన్ని కంపెనీలు టెన్త్, ఇంటర్, డిగ్రీ అన్నింటిలోనూ 60 శాతం ఉండాలని ముందే చెబుతాయి. ఆ గీత దగ్గర రాత నైపుణ్యం పనిచేయదు. మార్కుల మెమోలో ఉన్నది ఉన్నట్టు రాయాలి. గ్రేడు పాయింట్లు ఇస్తే గ్రేడు పాయింట్లే రాయాలి. సొంత సూత్రంతో శాతంలోకి మార్చితే తర్వాత మెమోతో పోల్చినప్పుడు తేడా వస్తుంది. చదువులో ఏడాది ఖాళీ ఉంటే తేదీలు దాచకండి. ఐసెట్ రెండోసారి రాశానని చెప్పుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

క్యాంపస్ బయట దరఖాస్తు చేస్తే మొదటి పాఠకుడు తరచుగా ఏటీఎస్ (వచ్చిన దరఖాస్తులను భద్రపరచి, వెతికి, వడపోయడానికి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్). ఇది ఫైలులోని అక్షరాలను బయటకు తీసి పేరు, చదువు, అనుభవం అంటూ గళ్లలో సర్దుతుంది. హెచ్‌ఆర్ ఉద్యోగి ఆ గళ్లలో వెతుకుతారు. అందుకే రెండు నిలువు వరుసల అందమైన డిజైన్లు, పట్టికలు, బొమ్మగా మార్చిన అక్షరాలు ఇబ్బంది పెడతాయి. సాఫ్ట్‌వేర్ ఎడమ వరుసను కుడి వరుసతో కలిపి చదివితే మీ డిగ్రీ పక్కన మీ ఫోన్ నంబరు చేరవచ్చు. దీన్ని పరీక్షించడం తేలిక. మీ పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. అక్కడ వరుస చెదరకపోతే సాఫ్ట్‌వేర్‌కూ సాధారణంగా చెదరదు.

ఉద్యోగ ప్రకటనలో వాడిన మాటలే మీ పేజీలో ఉండాలన్న సలహా వినే ఉంటారు. అది నిజమే, ఒక హద్దు వరకు. ప్రకటనలో ఎక్సెల్ అని ఉండి మీకు ఎక్సెల్ వస్తే ఆ మాటే రాయండి. రాని పనిముట్టు పేరు రాస్తే సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది, ఇంటర్వ్యూ చేసేవాళ్లు నమ్మరు.

తర్వాత మనిషి. అమెరికాలో ల్యాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ 2018లో కంటిచూపు ఎటు కదులుతోందో కొలిచే పరికరంతో చూస్తే, రిక్రూటర్లు (ఉద్యోగులను వెతికి ఎంపిక చేసేవాళ్లు) ఒక రెజ్యూమే మీద వేసే మొదటి చూపు సగటున 7.4 సెకన్లు అని తేలింది. మన దగ్గర కాస్త అటూ ఇటూ అయినా, పనితీరు అదే. ఆ కాస్త సమయంలో కన్ను శీర్షికలను, సంస్థల పేర్లను, ప్రతి వాక్యం మొదలును పట్టుకుంటుంది. పేజీ ఒకటే ఉండాలనడానికీ, ముఖ్యమైనది పైన ఉండాలనడానికీ కారణం ఇదే. నేరుగా డిగ్రీ నుంచి వచ్చినవాళ్లకు చదువు పైన, మూడు నాలుగేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాళ్లకు అనుభవం పైన. నన్నడిగితే, ఆశయం అన్న పేరాను తీసేసి ఆ మూడు వరుసలు ఇంటర్న్‌షిప్‌కు ఇవ్వాలి.

అసలు కష్టం ఆ ఇంటర్న్‌షిప్ వాక్యాల దగ్గరే. రెజ్యూమే రాసేది ఇంగ్లిష్‌లో అయినా, ఆలోచన తెలుగులో చేసుకోవచ్చు. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక విద్యార్థిని వరంగల్‌లో బిస్కెట్ల డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆరు వారాలు పనిచేసింది. మొదట ఇలా రాసుకుంది: 'అమ్మకాల విభాగంలో బాధ్యతలు నిర్వహించాను, మార్కెట్ సర్వేలో పాల్గొన్నాను.' ఇందులో అబద్ధం లేదు. సమాచారమూ లేదు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే సంగతులు ఒక్కొక్కటిగా వస్తాయి. ఎన్ని కొట్లు తిరిగావు? 140 కిరాణా కొట్లు, రెండు బీట్లు (సేల్స్‌మన్ ఒక రోజు తిరగాల్సిన దారి). ఏం గమనించావు? సేల్స్‌మన్ పొద్దున వెళ్లే వేళకు యజమాని సరుకు కోసం హోల్‌సేల్ బజారుకు వెళ్లి ఉంటున్నాడు. కొట్లో ఉన్న ఇంట్లోవాళ్లు, ఆయన వచ్చాక చెబుతాం అంటున్నారు. నువ్వేం చేశావు? మూడు వారాల లెక్క రాసి చూపించి, బీట్లను మధ్యాహ్నానికి మార్చమని చెప్పాను. మార్చారా? మార్చారు. ఏమైంది? వారానికి ఆర్డరు ఇచ్చే కొట్లు 52 నుంచి 71కి పెరిగాయి.

ఇప్పుడు వాక్యం తనంతట తానే తయారవుతుంది: '140 కొట్ల ఆర్డర్ల వేళలను మూడు వారాలు నమోదు చేసి, రెండు బీట్లను మధ్యాహ్నానికి మార్చాలని సూచించాను, వారంలో ఆర్డరు ఇచ్చే కొట్లు 52 నుంచి 71కి పెరిగాయి.' ఏం చేశాను, ఎలా చేశాను, ఏం మారింది అన్న మూడూ ఇందులో ఉన్నాయి. గూగుల్‌లో మానవ వనరుల విభాగానికి అధిపతిగా పనిచేసిన లాస్లో బాక్ చెప్పే సూత్రం కూడా దాదాపు ఇదే. ఇంగ్లిష్ రెజ్యూమేలో నేను అన్న పదం వదిలేసి క్రియతో మొదలుపెట్టాలంటారు. మనకిది కొత్త కాదు. తెలుగులో 'తగ్గించాను' అంటే చాలు, ఎవరన్నది క్రియ చివరే చెబుతుంది.

అంకెల విషయంలో ఒక జాగ్రత్త. 52 నుంచి 71 అంటే 36 శాతానికి పైగా పెరుగుదల. మొత్తం 140 కొట్లలో చూస్తే వాటా 37 శాతం నుంచి 51 శాతానికి, అంటే 14 పాయింట్లు. రెండూ నిజమే. కానీ 36 శాతం అని మాత్రమే రాస్తే, దేనిలో అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అందుకే మొదలు అంకె, చివరి అంకె రెండూ ఇవ్వడం మంచిది. 'సూచించాను' అన్న మాట కూడా ముఖ్యం. బీటు మార్చింది డిస్ట్రిబ్యూటర్. ఆ అమ్మాయి 'అమ్మకాలు పెంచాను' అని రాస్తే మరొకరి నిర్ణయం ఆమె ఖాతాలో పడుతుంది. ఎదుట కూర్చున్న మేనేజరుకు ఆరు వారాల ఇంటర్న్ చేతిలో ఏం ఉంటుందో, ఏం ఉండదో బాగా తెలుసు.

నా దగ్గర రాయడానికి ఏమీ లేదండీ అనే పిల్లలు ఎక్కువగా చిన్న ఊళ్ల నుంచి వస్తారు. ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే చాలాసార్లు అది నిజం కాదు. నాన్న కిరాణా కొట్టులో నాలుగేళ్లు అరువు ఖాతాలు (తెలంగాణలో అయితే ఉద్దెర ఖాతాలు) చూసిన అబ్బాయి దాన్ని ఇంటిపనిగానే లెక్కేస్తాడు. ఎవరికి ఎంతవరకు అరువు ఇవ్వాలి, ఎప్పుడు అడగాలి, వచ్చిన డబ్బుతో ఏ సరుకు ముందు తెప్పించాలి అన్నది ఎంబీఏ పుస్తకంలో వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడవడానికి తిరిగే సొమ్ము) పాఠం. భీమవరం వైపు రొయ్యల చెరువు దగ్గర మేత లెక్క రాసిన అమ్మాయికి ఖర్చుల లెక్క తెలుసు. కుటుంబ వ్యాపారం అని స్పష్టంగా పేరు పెట్టి, ఎన్ని ఖాతాలు, ఎంత కాలం, ఏం మార్చారు అన్నది రాయండి. పెద్ద బిరుదు తగిలించకండి. ఖాతాలు చూశాను అంటే చాలు.

ఇక ఏం తీసేయాలి? తండ్రి పేరు, కులం, మతం, పెళ్లి సంగతి, ఆధార్ నంబరు, కంపెనీ అడగనప్పుడు ఫొటో. ఇది కేవలం చోటు మిగుల్చుకోవడం కోసం కాదు. పరిశోధకులు సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక అధ్యయనం ప్రచురించారు. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానంగా ఉన్నా, దళితులవనీ ముస్లింలవనీ తోచే పేర్లకు అగ్రకుల హిందువుల పేర్లకంటే తక్కువ పిలుపులు వచ్చాయి. పేరును ఎవరూ దాచుకోలేరు, దాచుకోవాల్సిన అవసరమూ ఉండకూడదు. కానీ పనికి సంబంధం లేని మరో నాలుగు ఆనవాళ్లు మనమే చేతికివ్వడం ఎందుకు? అమెరికాకు ఎంబీఏ కోసం వెళ్లే మన పిల్లలు అక్కడ వయసు రాయవద్దని, ఫొటో పెట్టవద్దని వింటారు. 1964 నాటి పౌరహక్కుల చట్టం, 1967 నాటి వయోవివక్ష చట్టం తర్వాత అక్కడి కంపెనీలు అలాంటి వివరాలు చేతికి రాకపోవడమే మేలనుకుంటాయి.

చేయని ఉద్యోగం చేశానని రాయడం గురించి కూడా చెప్పాలి. హైదరాబాదులో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అన్న మాట తెలియని ఉద్యోగార్థి ఉండడు. పీఎఫ్ కట్టే ఉద్యోగికి 2014 నుంచి యూఏఎన్ (ఎన్ని ఉద్యోగాలు మారినా మారని 12 అంకెల పీఎఫ్ ఖాతా సంఖ్య) ఉంటోంది. ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది అందులో నమోదవుతుంది. ఆఫర్ ఇచ్చాక జరిగే తనిఖీలో ఆ తేదీలు రెజ్యూమేతో సరిపోలకపోతే, ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా తీసేయవచ్చు.

చివరి పాఠకుడు ఇంటర్వ్యూ చేసే మేనేజరు. ఆయన చేతిలో ఆ కాగితమే ప్రశ్నపత్రం. కాబట్టి రాసిన ప్రతి వరుస పక్కన, దీని మీద నన్ను ఏం అడుగుతారు అని పెన్సిల్‌తో రాసుకోండి. జవాబు రాని వరుసను కొట్టేయండి. పుస్తకాలు చదవడం ఇష్టం అని ఉంటే చివరగా చదివిన పుస్తకం అడుగుతారు. మన వరంగల్ అమ్మాయిని అడిగేది ఇది కావచ్చు: 'మధ్యాహ్నం యజమాని కొట్లో ఉంటాడని నీకెలా తెలిసింది?' ఆమె చెబుతుంది: 'రెండో వారంలో ఒక కొట్టులో కూర్చుని ఆయన వచ్చేదాకా ఆగానండి. రెండున్నరకు వచ్చాడు. మర్నాటి నుంచి ప్రతి కొట్టులో అదే అడిగి రాసుకున్నాను.'